చేపల బోటుకు ఫిష్ ఫైండర్, జీపీఎస్, వైర్‌లెస్: కొనడం నుంచి బిగించేదాకా సమగ్ర మార్గదర్శి

కాసిమేడు హార్బర్‌లో బోట్లకు ఎలక్ట్రానిక్స్ బిగించే పనిలో ఉన్నాను కాబట్టి "ఏ ఫిష్ ఫైండర్ (శబ్దంతో నీళ్ల లోపలి చేపనూ, అడుగునూ తెర మీద చూపే సెట్టు) కొనమంటారన్నా?" అనే ప్రశ్న ఏడాది పొడవునా వినబడుతూనే ఉంటుంది. నెల్లూరు, తడ, పులికాట్ వైపు నుంచి సామాను కోసం చెన్నై వచ్చే మనవాళ్లు మరీ ఎక్కువగా అడుగుతారు. మోడల్ పేరు ఒకటి చెప్పి పంపేయవచ్చు. కానీ అదే మోడల్ ఒక బోటులో చక్కగా పనిచేస్తుంది, పక్క బోటులో అడుగు కూడా సరిగా చూపించదు. తేడా ఎక్కువగా నీళ్లలోకి శబ్దం పంపి వినే ట్రాన్స్‌డ్యూసర్‌లో, సెట్టుకు కరెంటు తెచ్చే తీగలో ఉంటుంది. అందుకే ఇక్కడ తెర గురించి తక్కువ, ఆ రెండింటి గురించి ఎక్కువ చెప్తాను.

1. కొట్టుకు వెళ్లే ముందు రాసుకోవాల్సినవి

ఈ వివరాలు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఇవి తెలియకుండా ఎవరు సలహా ఇచ్చినా అది ఊహే అవుతుంది.

- బోటు దేనితో కట్టింది: చెక్క, ఫైబర్, స్టీలు. ఫైబర్ అయితే అడుగు గట్టి ఫైబరా, మధ్యలో ఫోమ్ ఉందా
- ఇంజిను: లోపలిదా, ఔట్‌బోర్డా, పొడుగు తోకదా
- బ్యాటరీ: 12 వోల్టులా, 24 వోల్టులా
- మామూలుగా వేట చేసే లోతు, ఎప్పుడైనా వెళ్లే గరిష్ఠ లోతు
- ఏ వల, ఏ వేట: ట్రాల్ (బోటు ఈడ్చే వల), నీళ్లలో తేలే వల, గాలాలు
- ఒకసారి వెళ్తే ఎన్ని రోజులు
- బోటు ఉండేది హార్బర్‌లోనా, ఒడ్డున ఇసుక మీదనా
- సెట్టు పెట్టే చోటు వెడల్పు, ఎత్తు. అక్కడి నుంచి బ్యాటరీకి తీగ ఎన్ని మీటర్లు

లోతు బారల్లో రాసుకున్నా పర్వాలేదు. బార అంటే 6 అడుగులు, 1.83 మీటర్లు. సెట్టులో ఫాథమ్ అనే కొలత పెడితే అది మన బారే. సరంగు ఏ కొలతలో ఆలోచిస్తాడో సెట్టు అదే చూపించాలి.

ఇంకో సంగతి, కాలం. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. అడుగుకు కన్నం పెట్టి బిగించే ట్రాన్స్‌డ్యూసర్‌కు బోటు గట్టెక్కి ఉండాలి. సామాను ఏప్రిల్ మొదట్లోనే చేతికి వస్తే పని తీరిగ్గా సాగుతుంది. జూన్ రెండో వారంలో వస్తే అందరికీ అదే తొందర, అందరికీ టెన్షన్, సీలెంట్ ఆరకుండానే బోటు నీళ్లలోకి దిగుతుంది.

2. డబ్బు ఏ వరుసలో పెట్టాలి

చేతిలో ఉన్న డబ్బు అన్నిటికీ సరిపోకపోతే ఈ వరుసలో వెళ్లండి.

ముందు ప్రాణం కాపాడేవి: మెరైన్ వీహెచ్‌ఎఫ్ వైర్‌లెస్, జీపీఎస్, ప్రమాద సందేశం పంపే పరికరం. ఆ తర్వాత ఫిష్ ఫైండర్. ఓడల దారిలో, రాత్రుళ్లు తిరిగే బోటుకు ఏఐఎస్ (బోట్లు, ఓడలు ఎక్కడున్నాయో ఒకదానికొకటి రేడియోలో తెలిపే సెట్టు). రాడార్ పెద్ద బోట్లకే. ఆటోపైలట్ అన్నిటికన్నా ఆఖరు.

ఫిష్ ఫైండర్, జీపీఎస్ ఒకే పెట్టెలో ఉండే సెట్టు పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే ఫైబర్ బోటుకు బాగుంటుంది. రోజుల తరబడి వెళ్లే లాంచీకి మాత్రం రెండూ వేరువేరుగా తీసుకోమనే చెప్తాను. కలిపి ఉన్న సెట్టు ఆగితే చేపా కనబడదు, ఇంటి దారీ కనబడదు. కనీసం బ్యాటరీతో నడిచే చేతి జీపీఎస్ ఒకటి వీల్‌హౌస్‌లో ఉండి తీరాలి.

3. ఫ్రీక్వెన్సీ, బీమ్, వాట్లు

ట్రాన్స్‌డ్యూసర్ కిందికి శబ్దం పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని వింటుంది. సముద్రపు నీళ్లలో శబ్దం సెకనుకు దాదాపు 1500 మీటర్లు పోతుంది. వెళ్లి వచ్చిన టైమును బట్టి సెట్టు లోతు కడుతుంది. మిగతాదంతా ఆ శబ్దం ఎంత సన్నగా, ఎంత బలంగా పోతోందన్న దాని మీదే ఉంటుంది.

200 కిలోహెర్ట్జ్ శబ్దం సన్నటి బీమ్‌తో పోతుంది. వివరం బాగా ఇస్తుంది, లోతుకు పోయేకొద్దీ తొందరగా నీరసిస్తుంది. 50 కిలోహెర్ట్జ్ లోతుకు బాగా పోతుంది, బీమ్ వెడల్పు, వివరం తక్కువ. మన తీరంలో దగ్గరి వేటకు 200 చాలు. సముద్రం అడుగున మెట్టు దాటి లోతు ఒక్కసారిగా పడిపోయే చోటికి వెళ్లే బోటుకు 50 తప్పదు. రెండూ ఉన్న 50/200 సెట్టు తీసుకుంటే రెండు చోట్లా పనికొస్తుంది.

బీమ్ వెడల్పును బోర్లించిన గరాటులా ఊహించుకోండి. కొస బోటు దగ్గర, నోరు సముద్రపు అడుగున. 50 మీటర్ల లోతులో 12 డిగ్రీల బీమ్ అడుగున దాదాపు 10 మీటర్ల వెడల్పు చూస్తుంది. 45 డిగ్రీల బీమ్ 41 మీటర్లు చూస్తుంది. వెడల్పు ఎక్కువైతే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ ఆ వెడల్పు బీమ్‌లో 20 మీటర్లు పక్కన ఉన్న చేపను కూడా సెట్టు మీ కిందే ఉన్నట్టు గీస్తుంది. పక్కనున్న రాతి దిబ్బ కూడా అడుగు గీతలో కలిసిపోతుంది. రాళ్ల దగ్గర గాలం వేసేవాళ్లు సన్న బీమ్ చూసి నిలబడాలి. గుంపు కోసం వెతికేటప్పుడు వెడల్పు బీమ్ పనికొస్తుంది.

చిర్ప్ అని రాసి ఉన్న సెట్లు ఒకే ఫ్రీక్వెన్సీ బదులు ఒక వరుస ఫ్రీక్వెన్సీలు పంపుతాయి. దగ్గర దగ్గరగా ఉన్న చేపలను విడివిడిగా చూపించడంలో ఇవి మెరుగు. అయితే ట్రాన్స్‌డ్యూసర్ కూడా చిర్ప్‌దే ఉండాలి. సెట్టు చిర్ప్, ట్రాన్స్‌డ్యూసర్ పాతది అయితే ఆ డబ్బు వృథా.

వాట్ల దగ్గర మోసపోకండి. పెట్టె మీద 4800 వాట్లు అని ఉంటే అది పీక్ టు పీక్ లెక్క, అంటే అల పై కొస నుంచి కింది కొస దాకా. ఆర్‌ఎంఎస్ లెక్కలో, అంటే సగటు బలంలో, అది 600 వాట్లే. పీక్ టు పీక్‌ను 8తో భాగిస్తే ఆర్‌ఎంఎస్ వస్తుంది. రెండు సెట్లను పోల్చేటప్పుడు రెండింటికీ ఆర్‌ఎంఎస్ వాట్లే అడగండి. ఫ్యురునో ఎఫ్‌సీవీ-628 లాంటి 600 వాట్ల సెట్లు మన మధ్యస్థ లోతులకు సరిపోతాయి. లోతు వేట లాంచీకి 1 కిలోవాట్ ఆలోచించండి.

బోటుకు రెండు పక్కలా అడుగును గీసే సైడ్ స్కాన్ బొమ్మలు చూసి మనసు పారేసుకునేవాళ్లు చాలామంది. అవి ఎక్కువ ఫ్రీక్వెన్సీ మీద నడుస్తాయి కాబట్టి పులికాట్ సరస్సు లాంటి తక్కువ నీళ్లకు బాగుంటాయి. సముద్రంలో లోతు వేటకు ఆ డబ్బు మంచి ట్రాన్స్‌డ్యూసర్ మీద పెట్టండి.

తెర విషయం రెండు ముక్కల్లో. అంగుళాల కన్నా నిలువు పిక్సెళ్లు ముఖ్యం. 100 మీటర్ల లోతును 480 పిక్సెళ్లలో చూపిస్తే ఒక్కో చుక్క దాదాపు 20 సెంటీమీటర్లు. అడుగుకు ఆనుకున్న చేప ఆ చుక్కలోనే కలిసిపోతుంది. రెండోది వెలుతురు. కొట్టులో ఏసీ గదిలో ఏ తెరైనా మెరుస్తుంది. సెట్టును వీధిలోకి తెప్పించి ఎండలో చూడండి.

4. మీ బోటుకు ఏ ట్రాన్స్‌డ్యూసర్

ముందు బాడీ లోహం.

- చెక్క బోటు: ఇత్తడి రంగులో కనిపించే కంచు బాడీ. ప్లాస్టిక్ బాడీ వద్దు. చెక్క నీళ్లు తాగి ఉబ్బితే ప్లాస్టిక్ పగులుతుంది, అది నీటి మట్టం కింద పగిలితే బోటుకే ముప్పు.
- ఫైబర్ బోటు: ప్లాస్టిక్ గానీ కంచు గానీ.
- స్టీలు బోటు: స్టెయిన్‌లెస్ బాడీ, మధ్యలో కరెంటు పారకుండా ప్లాస్టిక్ బుష్. కంచును నేరుగా స్టీలుకు ఆనిస్తే ఉప్పునీళ్లలో స్టీలు తినేసుకుపోతుంది.

ఇక బిగించే పద్ధతి. హార్బర్‌లో నిలిచే లాంచీలకు అడుగు కన్నంలో బిగించేదే సరైనది. ఔట్‌బోర్డ్ బోట్లకు వెనక పలకకు తగిలించే రకం చౌక, తేలిక.

ఒడ్డు మీద నుంచి అలల్లోకి తోసి, మళ్లీ ఇసుక మీదికి లాగే ఫైబర్ బోట్లకు మాత్రం వెనక తగిలించే రకం ఎక్కువ కాలం నిలవదు. ఒక్క అల బోటును ఇసుకకు కొడితే బ్రాకెట్ విరుగుతుంది. వీళ్లకు రెండు దారులున్నాయి. ఒకటి, పక్క పలకకు మడత బిజాగరీతో పైపు పెట్టి, దాని కొసకు ట్రాన్స్‌డ్యూసర్ బిగించడం. అలలు దాటాక కిందికి దించాలి, ఒడ్డుకు వచ్చే ముందు పైకి మడిచి కట్టాలి. రెండోది, బోటు లోపలి నుంచే ఫైబర్ గుండా శబ్దం పంపే రకం. బయట ఏమీ ఉండదు కాబట్టి విరిగే భయం లేదు. శబ్దం కొంత తగ్గుతుంది, నీటి ఉష్ణోగ్రత రాదు. ఇది గట్టి ఫైబర్‌లోనే పనిచేస్తుంది. ఫోమ్ ఉన్న చోట, చెక్కలో, స్టీల్లో పనిచేయదు.

లోపలి రకం జిగురు పెట్టి అంటించే ముందు ఈ పరీక్ష చేసి తీరాలి. మీరు వేట చేసే గరిష్ఠ లోతుకు వెళ్లండి. హార్బర్‌లో చేస్తే తక్కువ నీళ్లు కాబట్టి ఎప్పుడూ పాసవుతుంది. ట్రాన్స్‌డ్యూసర్‌ను బోటు పక్కన నేరుగా నీళ్లలో ముంచి, లోతు ఎంత చూపిందో, అడుగు గీత ఎంత మందంగా ఉందో చూసుకోండి. తర్వాత పల్చటి ప్లాస్టిక్ సంచిలో నీళ్లు పోసి, ట్రాన్స్‌డ్యూసర్ అందులో పెట్టి, సంచిని తడిపిన బోటు లోపలి అడుగుకు ఆనించండి. లోతు అంతే చూపించి, గీత కొద్దిగా మాత్రమే పల్చబడితే ఆ చోటు మంచిది. లోతు అంకె తడబడుతుంటే సంచిని అటూ ఇటూ జరిపి ఇంకో చోటు వెతకండి. దొరకకపోతే ఆ బోటుకు ఈ పద్ధతి వదిలేయండి.

5. బిల్లు కట్టే ముందు

- ట్రాన్స్‌డ్యూసర్ ఎన్ని వాట్లు తట్టుకుంటుంది? 1 కిలోవాట్ ట్రాన్స్‌డ్యూసర్‌ను 600 వాట్ల సెట్టుకు పెట్టవచ్చు. 600 వాట్లదాన్ని 1 కిలోవాట్ సెట్టుకు పెడితే కాలిపోతుంది.
- సెట్టు 12, 24 వోల్టులు రెండూ తీసుకుంటుందా?
- నీటి రక్షణ ఐపీఎక్స్ 7 ఉందా? అంటే 1 మీటరు నీళ్లలో 30 నిమిషాలు తట్టుకునేది. తెరిచి ఉండే బోటుకు ఇంతకు తగ్గవద్దు.
- సముద్ర పటం వస్తుందా, అందులో మన తీరం ఉందా? గార్మిన్ స్ట్రైకర్ లాంటి సెట్లలో పాయింట్లు (గుర్తు పెట్టుకున్న చోట్లు) దాచుకోవచ్చు గానీ పటం రాదు.
- బిల్లు మీద సీరియల్ నంబరు రాశారా? వారంటీకి ఎక్కడికి తేవాలి?
- ప్లగ్గు, ఫ్యూజు, మూత అన్నీ పెట్టెలో ఉన్నాయా?

పాత సెట్టు కొంటుంటే బోటు మీద, నీళ్లలో నడిపించి చూడకుండా డబ్బు ఇవ్వకండి. బల్ల మీద తెర వెలిగితే ట్రాన్స్‌డ్యూసర్ బాగున్నట్టు కాదు.

6. అడుగు కన్నంలో బిగించే వరుస

ఈ పనిలో తొందర వద్దు. ఒకసారి కన్నం పడితే వెనక్కి లేదు.

చోటు: బోటు ముక్కు నుంచి మూడో వంతుకూ సగానికీ మధ్య, అడుగు మధ్యలో పొడవునా ఉండే కీల్ దూలానికి దగ్గరగా. దాని ముందు నీళ్లు పీల్చే కన్నం, పలక అంచు, బోల్టు తల ఏమీ ఉండకూడదు. అవన్నీ బుడగలు లేపుతాయి, బుడగలు శబ్దాన్ని ఆపేస్తాయి. ఒక్కటే ప్రొపెల్లర్ ఉన్న బోటులో రెక్క కిందికి దిగే వైపు ఎంచుకోండి. వెనక నుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరిగే ప్రొపెల్లర్‌కు అది కుడి వైపు.

దిమ్మ: అడుగు వాలుగా ఉంటుంది కాబట్టి ట్రాన్స్‌డ్యూసర్‌ను ఉన్నదున్నట్టు బిగిస్తే పక్కకు చూస్తుంది. వాలుకు తగ్గట్టు కోసిన దిమ్మ బయట ఒకటి, లోపల ఒకటి వేయాలి. డీజిలు, ఐసు, వల ఎక్కాక బోటు ఎలా నిలుస్తుందో ఆ లెక్కన ట్రాన్స్‌డ్యూసర్ ముఖం నీటి మట్టానికి సమంగా రావాలి. గట్టు మీద బోటు నిలిచిన వాలును చూసి కోస్తే తప్పుతుంది.

కన్నం: ముందు సన్న డ్రిల్లుతో ఒక చిన్న కన్నం పెట్టి, బయటా లోపలా చోటు సరిగ్గా ఉందో చూడండి. పక్కటెముక, పైపు, తీగ ఏదీ తగలడం లేదని తేలాకే పెద్ద కన్నం.

సీలెంట్: నీటి కింద వాడే మెరైన్ పాలీయురేథేన్ సీలెంట్. మామూలు సిలికాన్ నీటి మట్టం కింద వాడకండి. చెక్క బోటులో నట్టును మొదట మోస్తరుగా బిగించి, చెక్క నీళ్లు తాగి ఉబ్బాక ఇంకోసారి సరిచూడాలి.

తీగ: ట్రాన్స్‌డ్యూసర్‌ను తీగ పట్టుకుని ఎత్తవద్దు. తీగను కోయవద్దు. ఎక్కువైతే వదులుగా చుట్ట చుట్టి పొడి చోట కట్టేయండి. ఆల్టర్నేటర్, ఇన్వర్టర్, వైర్‌లెస్ తీగలకు దూరంగా తీసుకెళ్లండి.

రంగు: ట్రాన్స్‌డ్యూసర్ ముఖానికి బోటు రంగు మందంగా పూయకండి. నీటితో కలిపే రకం గుల్లల నిరోధక రంగు పల్చగా ఒక పూత చాలు. ఘాటు సాల్వెంట్ రంగులు ప్లాస్టిక్‌ను తినేస్తాయి.

నీళ్లలో దించగానే లోపల చేత్తో తడిమి చూడండి. ఆ రోజే కాదు, తర్వాత కొన్ని రోజులూ చూడండి.

వెనక పలకకు తగిలించే రకానికి రెండు మాటలు చాలు. ప్రొపెల్లర్‌కు కనీసం 40 సెంటీమీటర్ల దూరం, ముఖం అడుగు అంచుకు కొద్దిగా కిందికి.

7. కరెంటు

నా దగ్గరికి "సెట్టు పాడైంది" అని వచ్చేవాటిలో చాలా వాటికి రోగం సెట్టులో ఉండదు, తీగలోనే ఉంటుంది. కాబట్టి ఇక్కడ లెక్క వేసి చూపిస్తాను.

వైర్‌లెస్ 25 వాట్లలో మాట్లాడేటప్పుడు దాదాపు 6 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నుంచి సెట్టుకు 10 మీటర్లు అనుకుందాం. కరెంటు వెళ్లి రావాలి కాబట్టి రాగి పొడవు 20 మీటర్లు. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే దారిలోనే 0.84 వోల్టు పోతుంది, 12 వోల్టుల్లో అది 7 శాతం. అదే 6 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే 0.35 వోల్టు, 3 శాతం లోపు. 3 శాతం దాటకూడదనేది మనం పట్టుకోవాల్సిన హద్దు. సన్న తీగ వేసిన బోటులో మాట వినిపిస్తుంది గానీ మాట్లాడే బటన్ నొక్కగానే సెట్టు డీలా పడుతుంది.

బ్యాటరీ లెక్క కూడా ఇంతే తేలిక. ఫిష్ ఫైండర్ 1 ఆంపియర్, వింటూ ఉండే వైర్‌లెస్ 0.4, ఎల్‌ఈడీ లైట్లు 0.5. మొత్తం 1.9. 12 గంటలకు దాదాపు 23 ఆంపియర్ అవర్లు. మాట్లాడటానికి ఇంకో 3 కలపండి, 26 అయింది. మామూలు లెడ్ బ్యాటరీని సగానికి మించి వాడకూడదు కాబట్టి 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి తగ్గవద్దు. మీ సెట్టు ఎంత లాగుతుందో దాని పుస్తకంలో చూసి ఈ అంకెలు మార్చుకోండి.

- ఎలక్ట్రానిక్స్‌కు వేరే బ్యాటరీ. ఇంజిను స్టార్టు చేసే బ్యాటరీ మీద వేలాడదీయకండి
- ప్రతి సెట్టుకూ విడి ఫ్యూజు. ప్రధాన ఫ్యూజు బ్యాటరీ ప్లస్సుకు దగ్గరగా
- తగరం పూత ఉన్న రాగి తీగ. ఇంటి వైరింగ్ తీగ ఉప్పుగాలికి లోపల్లోపలే పచ్చబడి పోతుంది
- తీగలు మెలిపెట్టి టేపు చుట్టవద్దు. లగ్గు నొక్కి, జిగురున్న వేడి ట్యూబు వేయండి
- ఎల్‌ఈడీ లైట్లు, ఫోన్ ఛార్జర్లు వీహెచ్‌ఎఫ్ యాంటెన్నాకు దూరంగా. చౌక రకం లైట్లు వైర్‌లెస్‌లో గరగర తెస్తాయి

ఫిష్ ఫైండర్, జీపీఎస్, ఏఐఎస్ ఒకదానితో ఒకటి మాట్లాడాలంటే ఎన్‌ఎంఈఏ 2000 తీగ వేస్తారు. దాని వెన్ను తీగకు రెండు కొసలా 120 ఓమ్‌ల టర్మినేటర్లు ఉండాలి. ఒక్కటే పెడితే ఒకరోజు పనిచేసి ఒకరోజు చేయదు.

8. జీపీఎస్: అంకెలు ఎక్కించడంలో జాగ్రత్త

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే చేపల జాడ సూచనలు తెలుగులో కూడా వస్తాయి. వాటిలో దూరం కిలోమీటర్లలో, లోతు మీటర్లలో, స్థానం డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఉంటుంది. మన ప్లాటర్ (దారిని, పాయింట్లను చూపే జీపీఎస్ తెర) చాలావరకు నాటికల్ మైళ్లలో, డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో దశాంశాలలో ఉంటుంది. గొడవంతా ఇక్కడే.

13 డిగ్రీల 12 నిమిషాల 40 సెకన్లు అన్నదాన్ని 13 డిగ్రీల 12.40 నిమిషాలు అని కొడితే దాదాపు అర కిలోమీటరు తప్పుతుంది. సరైనది 12.667, ఎందుకంటే 40ని 60తో భాగించాలి. ఫోన్ పటంలో కనిపించే 13.2111 కూడా ఇదే చోటు. దాన్ని 13 డిగ్రీల 21.11 నిమిషాలుగా కొడితే 15 కిలోమీటర్లకు పైగా ఉత్తరానికి పోతారు. ఒక నిమిషం అక్షాంశం ఒక నాటికల్ మైలు, 1852 మీటర్లు. ఇది గుర్తుంటే తప్పు ఎంత దూరం లాగుతుందో ఎవరికి వారే లెక్క కట్టుకోవచ్చు.

కొత్త జీపీఎస్ ఆన్ చేయగానే వరుసగా:

1. డేటమ్ (స్థానం లెక్కకు ఆధారం) డబ్ల్యూజీఎస్ 84 పెట్టండి.
2. స్థానం చూపే పద్ధతిని బోటులోని మిగతా సెట్లతో ఒకేలా ఉంచండి.
3. ఉపగ్రహం ద్వారా స్థానాన్ని సరిదిద్దే ఎస్‌బీఏఎస్ ఆన్ చేయండి. మన దేశపు గగన్ సిగ్నల్ దాని ద్వారానే అందుతుంది.
4. హార్బర్ ముఖద్వారం మొదటి పాయింటుగా దాచండి. వలలు చిక్కే రాళ్లు, మునిగిన బోట్లు తర్వాత.
5. శ్రీలంక సరిహద్దు గీత గీసి, దానికి బాగా ముందే మోగేలా అలారం పెట్టండి. శ్రీహరికోట ప్రయోగ రోజుల్లో మూసే ప్రాంతం కూడా ప్రకటన చూసి గుర్తు పెట్టుకోండి.
6. పాయింట్లన్నీ మెమరీ కార్డులోకి, ఒక నోటు పుస్తకంలోకి కూడా ఎక్కించండి. ఏళ్ల తరబడి కూడబెట్టిన పాయింట్లు సెట్టుతోపాటు పోతే మళ్లీ రావు.

9. వైర్‌లెస్, ఏఐఎస్, ప్రమాద సందేశం

వీహెచ్‌ఎఫ్‌లో వాట్ల కన్నా యాంటెన్నా ఎత్తు ముఖ్యం. 4 మీటర్ల ఎత్తు యాంటెన్నాలున్న రెండు బోట్ల మధ్య మాట దాదాపు 9 నాటికల్ మైళ్లు పోతుంది. 9 మీటర్ల ఎత్తయితే 13 మైళ్లు. యాంటెన్నాను ఇనుప స్తంభానికి ఆనించి కట్టకండి. కనెక్టర్‌లోకి నీరు దిగకుండా స్వయంగా అతుక్కునే రబ్బరు టేపు చుట్టండి.

ఛానల్ 16 ప్రమాద పిలుపుకు. కబుర్లకు వేరే ఛానల్‌కు మారాలి. డీఎస్‌సీ (బటన్ నొక్కితే ప్రమాద సందేశం తనంతట పంపే సదుపాయం) ఉన్న సెట్టులో ఎర్ర బటన్ పనిచేయాలంటే బోటు పేరిట తొమ్మిది అంకెల ఎంఎంఎస్‌ఐ గుర్తింపు నంబరు ఎక్కించాలి. మన దేశపు నంబర్లు 419తో మొదలవుతాయి. నంబరు ఎక్కించని ఎర్ర బటన్ ఉన్నా లేనట్టే. వైర్‌లెస్ సెట్టుకు కేంద్ర టెలికాం శాఖ లైసెన్సు కూడా ఉండాలి.

20 మీటర్లకు మించిన బోట్లకు ఏఐఎస్ తప్పనిసరి. చిన్న బోట్లకు ఇస్రో తయారుచేసిన ఉపగ్రహ ట్రాన్స్‌పాండర్లు ఉన్నాయి. తీర రాష్ట్రాల్లో లక్ష బోట్లకు వీటిని అమర్చే కార్యక్రమం 2024 ఆగస్టు 30న మొదలైంది. ఫోన్ సిగ్నల్ అందని చోటు నుంచి కూడా రెండు వైపులా సందేశాలు పోతాయి. మీ బోటు రిజిస్ట్రేషన్ పట్టుకుని మత్స్యశాఖ ఆఫీసులో అడగండి.

406 మెగాహెర్ట్జ్ ప్రమాద బీకన్ కొంటే దాన్ని బెంగళూరులోని భారత మిషన్ కంట్రోల్ సెంటర్ దగ్గర నమోదు చేయించాలి. నమోదు లేకపోతే సిగ్నల్ వచ్చినా ఆ బోటు ఎవరిదో వెంటనే తెలియదు. కోస్ట్‌గార్డ్ ఫోన్ నంబరు 1554 వీల్‌హౌస్ తలుపు మీద పెద్దగా రాయించండి.

రెండింటికి దూరంగా ఉండండి. అనుమతి లేని శాటిలైట్ ఫోన్ మన దేశంలో నేరం. వలలకు కట్టే చౌక ఏఐఎస్ బోయాలు (నీళ్ల మీద తేలే గుర్తులు) ఓడల తెర మీద బోట్లలా కనిపించి అందరినీ తికమక పెడతాయి.

10. మొదటిరోజు సముద్రంలో సెట్టింగులు

తెలిసిన లోతుకు వెళ్లి, ఇంజిను నెమ్మదిగా నడుపుతూ చేయండి.

1. కొలత: బారలు లేదా మీటర్లు.
2. ట్రాన్స్‌డ్యూసర్ నీటి మట్టానికి ఎంత కిందుందో ఆ అంకె ఎక్కించండి. లేకపోతే లోతు అంత తక్కువ చూపిస్తుంది.
3. రేంజ్ (తెర మీద ఎంత లోతు దాకా చూపాలి) ఆటోలో వద్దు. అడుగు తెర కింది పావు భాగంలో కనిపించేలా చేత్తో పెట్టండి.
4. గెయిన్‌ను (ప్రతిధ్వనిని ఎంత పెద్దది చేసి చూపాలనే సెట్టింగ్) తెరంతా సన్న చుక్కలు పడేదాకా పెంచి, చుక్కలు దాదాపు పోయేదాకా తగ్గించండి. కొద్దిగా చుక్కలు మిగలాలి. తెర శుభ్రంగా ఉందంటే చిన్న చేప కూడా పోయినట్టే.
5. చేప బొమ్మలు చూపే ఆప్షన్ ఆపేయండి. బుడగనూ, చెత్తనూ కూడా అది చేపగా గీస్తుంది.
6. రెండు ఫ్రీక్వెన్సీలు పక్కపక్కన పెట్టి ఒకే గుంపును రెండింటిలో చూడటం అలవాటు చేసుకోండి.
7. అడుగు వేట చేసేవాళ్లు అడుగు దగ్గరి భాగాన్ని పెద్దదిగా చూపే బాటమ్ జూమ్ పెట్టుకోండి.

చదవడం సంగతి: రాతి అడుగు ఎర్రగా, మందంగా, చాలాసార్లు కింద ఇంకో గీతతో వస్తుంది. బురద అడుగు నీరసంగా వస్తుంది. చేప నుంచి వచ్చే ప్రతిధ్వనిలో ఎక్కువ భాగం దాని గాలి తిత్తిదే. రొయ్యలకు, స్క్విడ్‌కు ఆ తిత్తి లేదు, కాబట్టి గుంపు పెద్దదైనా నీలంగా, పల్చగా ఉంటుంది. బోటు కదులుతుంటే చేప విల్లులా వంగి కనిపిస్తుంది. బోటు ఆగి ఉంటే అదే చేప పొడవాటి గీత.

11. సమస్య, దానికి మందు

- నెమ్మదిగా పోతే బాగుంది, వేగం పెంచితే అడుగు పోతోంది: ట్రాన్స్‌డ్యూసర్ కింద బుడగలు. చోటు మార్చాలి లేదా కొద్దిగా కిందికి దించాలి.
- ఇంజిను ఆన్ చేస్తే తెర మీద చారలు: ఇంజిను ఆపి, బ్యాటరీ మీద ఒక్క ఫిష్ ఫైండరే నడపండి. చారలు పోతే ఒక్కో స్విచ్ వేస్తూ పోండి. ఏది వేస్తే వచ్చాయో దొంగ అదే.
- ఇంజిను స్టార్టు చేస్తే సెట్టు ఆగి మళ్లీ వెలుగుతోంది: వోల్టేజి పడిపోతోంది. బ్యాటరీ వేరు చేయండి.
- లోతు ఒక్కసారిగా రెట్టింపు చూపిస్తోంది: రెండో ప్రతిధ్వనిని అడుగు అనుకుంటోంది. రేంజ్ చేత్తో పెట్టి, గెయిన్ తగ్గించండి.
- బోట్లు గుంపుగా ఉన్నచోట వంకర చుక్కలు: పక్క బోటుదీ అదే ఫ్రీక్వెన్సీ. ఇంటర్‌ఫియరెన్స్ తగ్గించే సెట్టింగ్ ఒక మెట్టు పెంచండి, దూరం వచ్చాక మళ్లీ దించండి.
- నెలనెలకూ అడుగు నీరసపడుతోంది: ముఖం మీద గుల్లలు, నాచు. చెక్క పలకతో మెల్లగా గీకాలి. సుత్తి, ఇనుప ఉలి ముట్టించకండి.
- బోటు గట్టు మీదుండగా సెట్టు ఆన్‌లో వదిలేశారు: వెంటనే ఆపండి. నీళ్లు లేకుండా ఎక్కువసేపు నడిస్తే ట్రాన్స్‌డ్యూసర్ వేడెక్కి దెబ్బతింటుంది.

వేట నుంచి వచ్చిన ప్రతిసారీ తెరను మంచినీళ్లతో తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచి మూత వేయండి. పొడి గుడ్డతో రుద్దితే ఉప్పు గీతలు పడతాయి. నెలకోసారి ప్లగ్గులు విప్పి, పచ్చదనం ఉంటే శుభ్రం చేసి, కాంటాక్ట్ స్ప్రే కొట్టి మళ్లీ బిగించండి.